కుమారన్న ఎనిమిదో తీగె

ఆరు తీగెల గిటార్‌ని చూస్తే మా కుమారన్నకు కాలు విరిగిన కుర్చీని చూసినట్టే ఉంటుంది. అయ్యో పాపం అంటాడు, చేతిలోకి తీసుకుంటాడు, ఇంకొక్క తీగె వేస్తే గానీ వదలడు. మందమర్రి బొగ్గుగని కాలనీలో మా పాటల బృందానికి గిటార్ ఆయనదే, కీబోర్డు నాది. పెళ్లిళ్లకూ సన్మానాలకూ వాయిస్తుంటాం.

పాడేది రేవతి. గొంతు బంగారం. వాళ్ల బాపు ఇస్తారి గనిలో కుమారన్నకు జోడీ. డ్రిల్లు మోతలో ఏళ్లు గడిపి చెవులు పోగొట్టుకున్నాడు. చెవి మిషన్ పెడితే గోల వస్తుంది గానీ పాట రాదు. రేవతి పాడడం మొదలుపెట్టింది ఆ తర్వాతే కాబట్టి, ఊరంతా మెచ్చుకునే కూతురి పాట ఆయన ఒక్కసారీ వినలేదు. బాపు ఒక్క పాట వింటే చాలు కాకా, అని రేవతి కుమారన్న దగ్గర బాధపడేది. ఆయన తల ఊపి, ఇంకో తీగె వేద్దామనుకుంటున్నా అని వేరే సంగతి ఎత్తుకునేవాడు.

ఏడో తీగె వచ్చినప్పుడు మాకు సరదాగానే ఉంది. మామూలు గిటార్‌లోని లావు తీగె కంటే కింది స్థాయిలో పలికేది. కిటికీ అద్దాలు గలగలలాడేవి. ఎనిమిదో దానితో చిక్కొచ్చింది. అంత కిందికి శ్రుతి చేస్తే తీగె బట్టలారేసే తాడులా వదులైపోతుంది, బిగిస్తే స్థాయి పైకి పోతుంది. తీగె ఇంకా లావుగా, ఇంకా పొడుగ్గా ఉండాలి. పొడుగు తీగెకు పొడుగు మెడ కావాలి. ఆయన అత్తగారి ఊరు బోథ్. అక్కడ అటక మీదున్న పాత టేకు మంచం పట్టె తెచ్చి, తనే చెక్కి, గిటార్‌కు కొత్త మెడ పెట్టాడు. మా అవ్వ మంచం అది, అని ఆయన భార్య పోచవ్వ వదినె ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్తుంది.

ఆ గిటార్ గుమ్మంలోంచి ఏటవాలుగా వస్తుంది. ఆటోలో తల బయట పెట్టుకుని పోతుంది. వేదిక మీద కుమారన్న ఇటు తిరిగితే దాని కొస నా కీబోర్డు మీద పడి, అడగని స్వరం ఒకటి మోగుతుంది.

“లావు మోత కావాల్నంటే బేస్ గిటార్ కొనుక్కోరాదె అన్నా” అన్నాను ఒకసారి.

“అది పట్టుకుంటే పాటకు గిటార్ ఎవలు కొడ్తరు సంపత్? రెండు పనులు గీ రెండు చేతులే చెయ్యాలె.”

ఆ రెండో పని ఏమిటో మాత్రం చెప్పలేదు.

శ్రుతి చేసే తీరు ఇంకా విచిత్రం. అందరూ ఫోన్‌లో చూసి చేసుకుంటారు. ఈయన ఎనిమిదో తీగెను గని ఫ్యాన్‌తో కలుపుతాడు. గనిలో గాలి ఆడించే ఆ పెద్ద ఫ్యాన్ హోరు కాలనీలో పగలూ రాత్రీ ఉంటుంది. అలవాటైపోయి మాకెవరికీ వినపడదు. కుమారన్న కళ్లు మూసుకుని, ఆ హోరూ తీగే ఒకటయ్యేదాకా మర తిప్పుతాడు. ఒకటైనప్పుడు గది గోడలే పాడుతున్నట్టుంటుంది.

పెద్దపల్లిలో ఒక పెళ్లికి పోతే అక్కడ గని లేదు, ఫ్యాన్ లేదు. పెళ్లివాళ్లు తొందరపడుతున్నారు. ఈయన వదినెకు ఫోన్ చేసి, ఫోన్‌ని కిటికీ బయట పెట్టమన్నాడు. అంత లావు హోరు ఫోన్‌లో రాలేదు. జర ఆగు, నేనే అంట, అని వదినె తన గొంతుతో హూం అని పట్టింది. ఏళ్ల తరబడి ఆ హోరులోనే వంట చేసిన మనిషి. పై స్థాయిలో పట్టింది గానీ స్వరం అదే. ఇంటికొచ్చాక ఫ్యాన్‌తో కలిపి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. ఆ దంపతులకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఇస్తారి పదవీ విరమణ సన్మానం వచ్చింది. పూలదండల్లో మునిగి, వేదిక మీద కుర్చీలో కూర్చున్నాడు. కుమారన్న తన కుర్చీని ఆయన పక్కకు లాక్కున్నాడు. గిటార్ పొడుగు మెడ కొసను ఇస్తారి చెవి వెనక ఎముకకు ఆనించాడు. నేను బిత్తరపోయి చూస్తుంటే మెల్లగా చెప్పాడు.

“ఒకపారి గని ఫ్యాన్ ఆగింది, యాదికున్నదా? కాలనీల అందరికన్న ముందుగాల బయటికొచ్చి, ఏమాయెనని చూసినోడు ఇస్తారి. వానికి వినపడేది గా మోత ఒక్కటే. పాటను గక్కడిదాంక తీస్కపోవాలె గద. సన్నయి ఆరు ఊరందరికి. లావుయి రెండు వానికి.”

రేవతి పాట ఎత్తుకుంది. కుమారన్న వేళ్లు ఆరు తీగెల మీద అందరికీ వాయిస్తూనే, బొటనవేలు లావు తీగెల మీద ఆమె పాడే ప్రతి మలుపునూ కిందికి దించుతోంది. ఇస్తారి మొదట మర్యాదకి నవ్వుతూ కూర్చున్నాడు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి ఆయన కాలు తాళం వెయ్యడం మొదలుపెట్టింది. అది చూసి రేవతికి ఆనందం ఆగలేదు, చరణంలో పరుగందుకుంది.

“బిడ్డా, ఉరుకకు. ఎనుకనుంచి ఎవలు తరుముతలేరు.”

చెవుడున్నవాళ్లకు తమ గొంతు అంచనా ఉండదు. ఇస్తారి మాట హాలు చివరిదాకా వినపడింది. జనమంతా గొల్లున నవ్వారు. రేవతి కూడా నవ్వేసి, బాపు కాలు చూసుకుంటూ తీరిగ్గా పాడింది.

పాట అయిపోయినా ఇస్తారి గిటార్ కొసను వదల్లేదు. దాన్ని తడిమి తడిమి చూసి, “కుమారా, దీనికి ఇంకొక్క తీగె పడ్తదా?” అని అడిగాడు.

కుమారన్న నావైపు చూశాడు. నేను నా కీబోర్డును మూరెడు పక్కకు జరుపుకున్నాను.