రెండుసార్లూ నెగెటివే

చినమ్వాలి బజారులో పిండిమర పక్కన రేకుల పంచ కింద ఫలేసి ఇరవై రెండేళ్ళుగా జడలు అల్లుతోంది. పొట్టి మనిషి, మాట తక్కువ, చేతులు మాత్రం మహా చురుకు. జోంబా కొండ కింద ఆమెకు తల అప్పజెప్పని ఆడది లేదని ఒకప్పుడు చెప్పుకునేవారు. పెళ్ళికూతుళ్ళు, చర్చిలో పాడే అమ్మాయిలు, బిడ్డ పుట్టాక మొదటిసారి గడప దాటిన బాలింతలు, అందరూ ఆమె మోకాళ్ళ మధ్య చాప మీద కూర్చున్నవాళ్ళే.

ఆరేళ్ళ క్రితం సరస్సు ఒడ్డు పల్లె నుంచి తమందని అనే పద్దెనిమిదేళ్ళ పిల్ల వచ్చి, ఫలేసి ఉంటున్న వాకిట్లోనే పక్క గది అద్దెకు తీసుకుంది. పని నేర్పమని అడిగింది. ఫలేసి నేర్పింది. పాపిడి ఎలా తీయాలో, మూడు పాయల్లోకి సవరాన్ని ముడి తెలియకుండా ఎలా కలపాలో, చివర్లు విడిపోకుండా నిప్పు ఎంతసేపు చూపించాలో, ఏదీ దాచుకోకుండా చెప్పింది. అప్పుడామెకు దాచుకోవాలన్న ఆలోచనే రాలేదు.

ఇప్పుడు పంచ కిందికి వచ్చినవాళ్ళు ముందు అటువైపు చూస్తున్నారు. తమందని ఖాళీగా ఉందా అని అడుగుతున్నారు. లేకపోతే గంటలకు గంటలు దుంగ మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు, ఫలేసి చేతులు ఊరికే ఉన్నా సరే. అందరికంటే ఎక్కువ గుచ్చుకున్నది టీచరమ్మ చేసిన పని. బడి పెద్ద టీచరమ్మ నమసాసు తొమ్మిదేళ్ళుగా ఫలేసి దగ్గర తప్ప మరొకరి దగ్గర తల వంచలేదు. ఆమె ఒక శనివారం వచ్చి, ఫలేసి చాప ఖాళీగా ఉండటం చూసి కూడా దుంగ మీద కూర్చుంది. రెండు మందాసీ బూరెలు కొనుక్కుని తింటూ, నీకూ వయసొస్తోంది కదా ఫలేసీ, ఇవాళ్టికి విశ్రాంతి తీసుకో అంది. ఆ సాయంత్రం ఫలేసి మొక్కజొన్న పిండితో ఎన్సిమా వండుకుంది గానీ ముద్ద దిగలేదు.

అప్పటి నుంచి ఆమె తమందని పనిలో తప్పులు వెతకడం మొదలుపెట్టింది. పాపిళ్ళు వంకరపోయాయేమో, సవరం ముడి కనిపిస్తోందేమో అని ఓరకంట చూసేది. ఏమీ దొరికేది కాదు. దొరక్కపోవడమే ఎక్కువ మండించేది. ఆ పిల్ల నవ్వు, దువ్వెన జాడించే తీరు, చివరికి తలగుడ్డ కట్టుకునే పద్ధతి కూడా కంట్లో నలుసులా ఉండేవి. ఎవరైనా తమందనిని మెచ్చుకుంటే, నేను నేర్పిందే అనేది. ఆ మాట ఆమె నాలుకనే కాల్చేది.

జనవరి వానల్లో కరోనా జబ్బు ఊళ్ళోకి రెండోసారి వచ్చింది. ఏ వీధిలో చూసినా చావు కబురే. మాస్కు లేకుండా కూర్చోబెట్టొద్దని బజారు కమిటీ వాళ్ళు చెప్పిపోయారు. తమందని తలగుడ్డ కుట్టగా మిగిలిన చితెంజే గుడ్డ ముక్కలతో తనకు మాస్కులు కుట్టుకుంది. తలకూ మూతికీ ఒకటే రంగు, ఒకటే పువ్వులు. వచ్చినవాళ్ళు దాన్ని కూడా మెచ్చుకున్నారు. ఫలేసి తన మాస్కును గడ్డం కింద వేలాడదీసుకుని, ఊపిరాడటం లేదని గొణిగేది.

ఒక సోమవారం తమందని ఒకామెకు జడలు పూర్తిచేసి చివర్లకు నిప్పు చూపిస్తోంది. ఒక సవరం కొస అంటుకుని ఒళ్ళో పరుచుకున్న గుడ్డ మీద పడి మాడింది. కమురు కంపుకు పంచ కింద అందరూ ముక్కు మూసుకున్నారు. తమందని మాత్రం ఏదో కబురు చెబుతూనే ఉంది. పొగ కంటపడ్డాకే ఉలిక్కిపడి చేత్తో నలిపింది.

ఫలేసి చేయి దువ్వెన మీద ఆగిపోయింది. మధ్యాహ్నం ఆమె వానకు తడిసి కుళ్ళిన ఉసిప చేపలు గుప్పెడు కాగితంలో తెచ్చి, ఇవి పాడయ్యాయంటావా పిల్లా, నాకేమో జలుబు అంది. తమందని మాస్కు దించి వాసన చూసి, బాగానే ఉన్నాయక్కా, కూరకు పనికొస్తాయి అని చెప్పింది.

ఫలేసి గుండె ఒక్కసారి ఎగిరింది. అది భయం కాదు, సంతోషం.

ఆ శనివారమే టీచరమ్మ కూతురి పెళ్ళి. పెళ్ళికూతురితో కలిపి ఏడు తలలు. గురువారం ఇంటికొచ్చి అల్లాలని టీచరమ్మ తమందనిని మాత్రమే పిలిచింది. ఇప్పుడు తమందని వెళ్ళడానికి వీల్లేదు. ఎవరు వెళ్తారో చెప్పనక్కర్లేదు.

పిల్లనే పక్కకు పిలిచి, నీకు జబ్బు తగిలినట్టుంది, ఆసుపత్రికి పద అని ఉండొచ్చు. ఫలేసి అలా చెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే వానలో గొడుగేసుకుని ఆరోగ్య కేంద్రానికి బయలుదేరింది. పసిపిల్లల్ని తూచే, సైకిలు మీద ఇంటింటికీ తిరిగే కార్యకర్త గ్వాజా అక్కడే ఉంటాడు. అతన్ని అందరూ డాక్టరనే పిలుస్తారు. దారంతా ఆమె ఒకటే మాట కూర్చుకుంది: టీచరమ్మ ఇంట్లో ఎనభై ఏళ్ళ తల్లి ఉంది, ఆ ముసలావిడకు తగిలితే బతకదు. అది నిజమే. పదేపదే చెప్పుకునేసరికి అదొక్కటే నిజం అన్నట్టు అనిపించింది.

గ్వాజా అంతా విని పేరు రాసుకున్నాడు.

“ఆ అమ్మాయి పక్కన రోజంతా ఎవరు కూర్చుంటారమ్మా?”

ఫలేసి గోడ మీద అంటించిన బొమ్మలవంక చూసింది.

“నేనే.”

“మాస్కు ఉంటుందా?”

“ఉంటుంది.”

“ఎక్కడ ఉంటుంది?”

ఆమె చేయి తెలియకుండానే పైకి లేచింది. మాస్కు గడ్డం కింద తగిలింది.

ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు. ఆ పిల్ల ముక్కు మీద అంత దృష్టి పెట్టింది గానీ, తనకూ ఒక ముక్కుందని మరిచిపోయింది.

మధ్యాహ్నానికి గ్వాజా తమందనిని కూడా పిలిపించాడు. ఇద్దరినీ వరండాకు చెరో చివర కూర్చోబెట్టి, విడివిడిగా వివరాలు అడిగి, ముక్కులో పుల్ల పెట్టి తిప్పాడు. ఇద్దరికీ కళ్ళమ్మట నీళ్ళు కారాయి. అరగంటకు ఫలితం వచ్చింది. తమందనికి పాజిటివ్, ఫలేసికి నెగెటివ్. ఫలేసి గొడుగు అందుకుని లేవబోతుంటే గ్వాజా ఆపాడు. ఈ రోజు నుంచి పదునాలుగు రోజులు గది దాటి రాకూడదన్నాడు. నాకేమీ లేదని మీరేగా చెప్పారు అని ఆమె వాదించింది. ఇవాళ లేదు, ఎల్లుండి బయటపడొచ్చు, ఆ ముసలావిడ గురించి మీరేగా చెప్పారు అని అతనూ బదులిచ్చాడు.

అలా ఒకే వాకిట్లో, ఒకే గోడకు అటొకరు ఇటొకరు బందీలయ్యారు. గదులు అద్దెకిచ్చిన ఇంటావిడ తమందనికి వెనకవైపు మరుగుదొడ్డి, వేరే బకెట్టు కేటాయించింది. గురువారం టీచరమ్మ ఇంటికి పట్నం నుంచి ఎవరో ఒకామె వెళ్ళి ఏడు తలలూ అల్లిందని తెలిసింది. శనివారం పెళ్ళి కార్లు హారన్లు కొట్టుకుంటూ రోడ్డెంట వెళ్ళాయి. ఫలేసి కిటికీ దగ్గర నిలబడి విన్నది. పక్క కిటికీ తెరుచుకున్న చప్పుడూ వినిపించింది.

ఆ రోజుల్లో ఫలేసిని తినేసింది జబ్బు భయం కాదు. పక్క గడప ముందు పెడుతున్న గిన్నెలు. రెండు రోజులు జ్వరమొచ్చి తమందని లేవలేకపోయిందని తెలిసి, ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి కంచె అవతల నిలబడి ఎలా ఉందని కేకేసి అడిగేవారు. ఒకరు నిమ్మకాయలు, ఒకరు అల్లం, ఒకరు కోడి పులుసు గడప ముందు పెట్టి వెళ్ళేవారు. ఫలేసి గుమ్మం ముందుకు ఆమె చెల్లెలు ఒక్కసారి వచ్చి, ఇంత పిండి పెట్టి, నీకేం కాలేదుగా అని వెళ్ళిపోయింది. గ్వాజా కూడా ఆ గడప దగ్గర కాళ్ళు నొప్పి పుట్టేదాకా నిలబడేవాడు, ఈ గడప దగ్గర సైకిలు దిగకుండానే పలకరించేవాడు.

ఐదో రోజు గొంతులో గరగర మొదలైంది. ఫలేసి గ్వాజాను పిలిపించి మళ్ళీ పరీక్ష చెయ్యమంది. చేశాడు. నెగెటివ్. మీరు అదృష్టవంతులమ్మా అన్నాడు. ఎవరో మొహం మీద చెయ్యి విసిరినట్టయింది ఆమెకు. చివరికి జబ్బు కూడా ఆ పిల్లనే కోరుకుంది.

మరుసటి మంగళవారం గ్వాజా వచ్చి, తమందని ఇక బయటికి రావచ్చని చెప్పాడు. ఫలేసి కిటికీలోంచి అంతా వింది. జబ్బు చేసినదానికి విడుదల, చెయ్యనిదానికి ఇంకో వారం. ఇదెక్కడి న్యాయమని అడిగింది. గ్వాజా ఓపిగ్గా చెప్పాడు. లక్షణం మొదలైన నాటి నుంచి ఆమెకు పది రోజులు నిండాయి, మూడు రోజులుగా జ్వరం లేదు, ఇక ఆమె నుంచి ఎవరికీ అంటదు. మీకు మాత్రం ఆమె పక్కన కూర్చున్న చివరి రోజు నుంచి పదునాలుగు నిండాలి.

ఫలేసి వేళ్ళ మీద లెక్కపెట్టింది. సవరం కాలింది సోమవారం. పది రోజులు ఎలా నిండాయి?

“దానికి ముందు శనివారం నుంచే వాసన పోయిందటమ్మా” అన్నాడు గ్వాజా.

అతను వెళ్ళాక ఫలేసి గోడకు దగ్గరగా జరిగింది.

“ఏమే, నీకు శనివారమే తెలుసా?”

“తెలుసక్కా.”

“తెలిసీ సోమవారం వచ్చి నా పక్కన కూర్చున్నావా?”

“చెబితే ఆ ఏడు తలలూ నీకు వెళ్ళిపోతాయని.” తమందని గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. “గ్వాజాకి చెప్పింది నువ్వేనా?”

“నేనే.”

“ముసలావిడ కోసమా?”

ఫలేసి గోడ మీది పెచ్చును గోటితో గీకింది.

“కొంత.”

కాసేపటికి తమందని కొత్త తలగుడ్డ కట్టుకుని, దానికి తగ్గ మాస్కు పెట్టుకుని బజారుకు వెళ్ళిపోయింది.

ఆ వారం ఫలేసికి జ్వరం లేకుండానే ఒళ్ళు కాలింది. పంచ మొత్తం ఆ పిల్లదే, వచ్చిన ప్రతి తలా ఆ పిల్లదే అని ఊహించుకుంటూ కూర్చుంది. ఆ పిల్ల దగ్గరికి ఎవ్వరూ రావడం లేదని ఇంటావిడ చెప్పినా, తనను ఓదార్చడానికి అబద్ధమాడుతోందనుకుంది.

పదిహేనో రోజు పంచ కిందికి వెళ్ళి చూస్తే అది నిజమే. దుంగ మీద ఐదుగురు కూర్చున్నారు, ఆమె కోసమే. తమందని చాప మీద ఎవరూ లేరు. గడప ముందు నిమ్మకాయలు పెట్టినవాళ్ళే ఇప్పుడు ఆమెను చూసి మూడడుగులు పక్కకు జరిగి నడుస్తున్నారు. ఐదుగురిలో మొదట కూర్చున్నది టీచరమ్మ.

“నీకు రెండుసార్లు పరీక్ష చేశారటగా ఫలేసీ. రెండుసార్లూ నెగెటివేనట. నాకు నీ చేయే కావాలి” అంది అందరికీ వినపడేలా.

ఎనిమిది రోజులు ఫలేసి చేతులకు తీరిక లేదు. ఆ ఎనిమిది రోజులూ ఆమెకు పండగే. ఆ పిల్ల నుంచి ఇక ఎవరికీ అంటదని గ్వాజా చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. ఒక్కరితోనైనా చెప్పి ఉండొచ్చు, చెప్పలేదు. మాస్కును ఇప్పుడు ముక్కు మీదికి పెట్టుకుని, నోరు మూసుకుని పని చేసింది. పక్కన తమందని చిక్కులేని సవరాలకే చిక్కులు తీస్తూ కూర్చునేది. ఆమె నవ్వు వినబడి ఎన్నాళ్ళయిందో.

తొమ్మిదో రోజు తమందని దువ్వెనలు గుడ్డలో చుట్టడం కనిపించింది. ఏమిటని అడిగితే, సరస్సు ఒడ్డుకు వెళ్ళిపోతానక్కా, చేపలు ఎండబెట్టుకుని బతుకుతాను అంది. ఫలేసి కోరుకున్నది సరిగ్గా అదే. మరి ఎందుకో చేతిలో ఉన్న పాయ జారిపోయింది. ఆ తల పూర్తిచేసి, లేచి, తన తలగుడ్డ విప్పింది. నెరిసిన జుట్టు, మూడు నెలలుగా అల్లించుకోని జుట్టు, అందరి ముందూ బయటపడింది. వెళ్ళి తమందని చాప మీద కూర్చుని, ఆ పిల్ల మోకాళ్ళకు వీపు ఆనించింది.

“అల్లు.”

“అందరూ చూస్తున్నారక్కా.”

“చూడనీ. నువ్వు అంటించేదేమైనా ఉంటే ముందు నాకే అంటాలి.”

నాలుగు గంటలు పట్టింది. నేర్పిన ఆరేళ్ళలో ఫలేసి ఎన్నడూ ఆ పిల్ల వేళ్ళకు తన తల అప్పగించలేదు. ఇప్పుడు తెలిసింది. పాయ తీసినట్టే తెలియడం లేదు, కణతల దగ్గర లాగడం లేదు, దువ్వెన మొన చర్మం మీద గీత గీసినా గిలిగింతలా ఉంది తప్ప నొప్పి లేదు. తన చేయి ఇలా ఉండదని ఆమెకు తెలుసు. టీచరమ్మ తొమ్మిదేళ్ళ అలవాటు ఎందుకు మానుకుందో, జనం దుంగ మీద ఎందుకు కూర్చుని ఎదురుచూశారో, ఆమె తలకే అర్థమైంది. కళ్ళు మూసుకుంది. జనం అది హాయి అనుకున్నారు. అంతగా ఆమె జీవితంలో ఎన్నడూ కుళ్ళుకోలేదు.

మర్నాడు ఒక విద్యార్థిని తమందని చాప మీద కూర్చుంది. ఆ తర్వాత ఇద్దరు. ఈస్టరు నాటికి టీచరమ్మ కూడా అటే వెళ్ళింది. ఫలేసి దగ్గరికి చిన్నపిల్లలు, ముసలమ్మలు, తొందరలో ఉన్నవాళ్ళు వస్తారు. ఆమె వాళ్ళ తలలు దువ్వుతూ ఓరకంట పక్క చాపవైపు చూస్తూనే ఉంటుంది.

తన తల మాత్రం రెండు నెలలకోసారి తమందనికే అప్పజెబుతుంది. అల్లుతున్నంతసేపూ మధ్యమధ్యలో మొహం చిట్లించి, మరీ బిగించి లాగుతున్నావే పిల్లా, చేయి తేలిక చేసుకో అంటుంది. లాగడం లేదని ఇద్దరికీ తెలుసు. తమందని సరే అక్కా అని, అలాగే అల్లుకుపోతుంది.