నోరున్న పరికరం

"నువ్వు నోరు మూసుకుని ఉండగలవా?"

ఉద్యోగానికి వచ్చిన మనిషిని ఇలా అడగడం మర్యాద కాదని పెద్దసారుకు తెలియకపోలేదు. విద్యుత్ పొదుపు పరిశోధనా కేంద్రానికి ఆయన అధిపతి. మర్యాద మీద కూడా పట్టికలతో సహా ఒక నివేదిక రాయగల మనిషి. కానీ బల్లకు అవతల కూర్చున్నావిడ, గదిలోకి అడుగుపెడుతూనే, ఎవరూ లేని మూలలో తిరుగుతున్న ఫ్యాన్‌ను చూసింది. నేరుగా వెళ్ళి స్విచ్చు కట్టేసింది. నమస్కారం ఆ తర్వాత పెట్టింది.

"ఉంటానండీ," అందామె. "అవసరం లేకపోతే నేనెందుకు మాట్లాడతాను?"

ఆ జవాబులో మొదటి మాట పెద్దసారుకు నచ్చింది. రెండోదాన్ని ఆయన పట్టించుకోలేదు. తర్వాత జరిగిన గొడవంతా ఆ రెండోదానిలోనే ఉంది.

చుట్టుపక్కల వీధుల్లో ఆమెను స్విచ్చక్క అంటారు. మేనమామ మరమ్మతు దుకాణంలో ఫ్యాన్ మోటార్లకు రాగితీగ చుడుతూ పెరిగింది. పాడైన ఫ్యాన్‌ను బాగుచేయించుకునే జనం తగ్గి, పారేసి కొత్తది కొనుక్కునే జనం పెరిగాక దుకాణం మూతపడింది. భర్త దర్జీ. ముందుగదిలో మిషను పెట్టుకుని కుడతాడు. ఆయన సూదిలో దారం ఎక్కించుకుని తల ఎత్తేలోపు దీపం ఆరిపోయి ఉంటుంది. ఆయన ఏమీ అనడు, లేచి వేసుకుంటాడు. అత్తగారు మాత్రం అంటుంది. ఒకసారి ఆవిడ స్నానం చేస్తుండగానే దీపం ఆరిపోయింది. అప్పటినుంచి వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది: "అందరి ఇళ్ళకీ కోడళ్ళొచ్చారు. మా ఇంటికి కరెంటు కోత వచ్చింది."

కరెంటు ఆదా చేస్తే భూగోళం బతుకుతుందని పోస్టర్లు చెబుతాయి. స్విచ్చక్కకు భూగోళం మీద ప్రత్యేకమైన అభిమానమేమీ లేదు. మనిషి లేని గదిలో ఫ్యాన్ తిరుగుతుంటే ఆమెకు చెవిలో జోరీగ దూరినట్టుంటుంది. అంతే. కొందరికి వంకరగా వేలాడే క్యాలెండరును చూస్తే చెయ్యి ఊరుకోదు, అలాంటిదే ఇదీ. ఇందులో త్యాగం వెతికేవాళ్ళు వేరే చోట వెతుక్కోవచ్చు.

ప్రభుత్వం ఆ ఏడాది కేంద్రానికి డబ్బు ఇచ్చింది, రెండు విడతల్లో ఇస్తానంది. తక్కువ కరెంటుతో నడిచే కొత్తరకం మోటారు ఫ్యాన్లను ప్రయోగశాలలో కాకుండా కాపురాలుండే ఇళ్ళలో పరీక్షించాలి. ఈ ఆలోచన ఎవరిదో గానీ తెలివైనదే. ప్రయోగశాలలో ఫ్యాన్ కింద ఎవరూ తడి బట్టలు ఆరేయరు, రెక్కల మీద బూజు పట్టదు, అలిగి గది తలుపేసుకునే వాళ్ళుండరు. అందుకని రవాణా సంస్థ ఉద్యోగుల క్వార్టర్లు ఎంచుకున్నారు. ఎదురెదురుగా రెండు వరసలు, అన్నీ ఒకే నమూనా ఇళ్ళు. ఎడమ వరసకు కొత్త ఫ్యాన్లు పెట్టారు. కుడి వరసలో పాతవే ఉంచారు. రెండు వైపులా ప్రతి ఫ్యాన్‌కూ ఒక చిన్న మీటరు. మధ్యంతర ఫలితం బాగుంటే రెండో విడత డబ్బు వస్తుంది, లేకపోతే దుకాణం కట్టేయడమే. మీటర్లు చూసే మనిషిగా చేరిన స్విచ్చక్క జీతం కూడా ఆ డబ్బులోదే. దర్జీకి గిరాకీ పడిపోయాక ఇంటద్దె ఆ జీతం మీదే నడుస్తోంది.

పరీక్షను నడిపే చిన్నమేడం, పరిశోధన పట్టా కొత్తగా పుచ్చుకున్న అమ్మాయి, పని అప్పజెబుతూ స్పష్టంగానే చెప్పింది.

"అక్కా, మీరక్కడ గోడ మీద బల్లి లాంటివాళ్ళు. చూస్తారు, రాసుకుంటారు, వచ్చేస్తారు."

"బల్లి కూడా అప్పుడప్పుడూ టిక్కుమంటుంది మేడం."

"మీరు అనకూడదు. వాళ్ళు ఎప్పుడూ ఎలా ఉంటారో అలాగే ఉండాలి. మనం వెళ్ళామని మారిపోకూడదు."

స్విచ్చక్క మాట నిలబెట్టుకుంది, ఎడమ వరసలో. అక్కడ ఒక ఇంట్లో మంచం మీద ఎవరూ లేరు, ఫ్యాన్ మాత్రం దుప్పటికి విసురుతోంది. నాలుక కరుచుకుని మీటరు చూసుకుని వచ్చేసింది. మరో ఇంట్లో ఫ్యాన్ వేసి, చలేస్తోందని దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషిని చూసింది. బయటికొచ్చి గేటు దగ్గర కాసేపు ఊపిరి పీల్చుకుంది. కడుపు ఉబ్బిపోతున్నా పెదవి విప్పలేదు. ప్రభుత్వం వారి పరీక్ష కదా.

కుడి వరసకొచ్చేసరికి ఆమె తర్కం వేరు. పరీక్ష కొత్త ఫ్యాన్లకు. పాతవాటికి పరీక్షేమిటి, వాటి బండారం ఆమెకు లోపలి తీగతో సహా తెలిసిందే. పరీక్ష లేని చోట నోటికి తాళమెందుకు? ఎడమ వైపు మింగిన మాటలన్నీ రోడ్డు దాటి కుడి వైపు కక్కింది.

మొదట దొరికినవాడు కుడి వరస మొదటింటి రిటైరైన బస్సు కండక్టరు. కొడుకు ఉద్యోగం మీద వచ్చిన క్వార్టరు అది. ఆయన వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"బాబాయ్, లోపల ఆ ఫ్యాన్ ఎవరి కోసం తిరుగుతోంది?"

"నా కోసమే అమ్మాయ్."

"మీరు ఇక్కడున్నారు. అది వంటింట్లో ఉంది."

"గాలి వస్తుందిలే."

"ఎక్కణ్ణించి వస్తుంది, మధ్యలో రెండు గోడలుంటే? టిక్కెట్టు లేనివాడు బస్సెక్కితే మీరేం చేసేవారు?"

"దింపేసేవాణ్ణి."

"మరి దాన్నీ దింపండి."

కండక్టరుకు ఈ మాట తగలాల్సిన చోట తగిలింది. రిటైరయ్యాక ఆయన్ని ఎవరూ ఏ అధికారమూ చెలాయించనివ్వలేదు. లేచి వెళ్ళి ఫ్యాన్ కట్టేసి వచ్చాడు. ఆ సాయంత్రం నుంచి పక్కింటి కిటికీల్లోంచి తొంగి చూడటం మొదలెట్టాడు. స్విచ్చక్క రానిరోజు ఆయనే తనిఖీ. ఆమె వచ్చిన రోజు రెక్కల బూజు దులిపించేది, మంచాలు కిటికీ పక్కకు జరిపించేది, మూలుగుతున్న మోటారుకు కండెన్సరు తనే మార్చి పెట్టేది. పది మాటలు తిట్టి, వాళ్ళిచ్చిన టీ తాగి వచ్చేది. జనం ముఖం మాడ్చుకుంటూనే ఆమె కోసం ఎదురు చూసేవాళ్ళు. కరెంటు బిల్లు తగ్గినప్పుడు తిట్లకు కూడా రుచి వస్తుంది.

మధ్యంతర ఫలితం గీత గీసి బల్ల మీద పెట్టగానే పెద్దసారు కాగితం తలకిందులుగా పట్టుకున్నానేమోనని తిప్పి చూశాడు. తిప్పినా అంతే. పాత ఫ్యాన్ల వరస, కొత్త ఫ్యాన్ల వరస కన్నా తక్కువ కరెంటు వాడింది. తగ్గాల్సింది ఎడమ, తగ్గింది కుడి. మీటర్లను అనుమానించి మార్చారు, తేడా రాలేదు. ఫ్యాన్లను అనుమానించి దింపి, ప్రయోగశాలలో తిప్పి చూశారు. అక్కడవి బుద్ధిగా తక్కువే తిన్నాయి. మీటర్లు చూసే మనిషిని మాత్రం ఎవరూ అనుమానించలేదు. బల్లిని ఎవరు అనుమానిస్తారు?

చిన్నమేడం తల పట్టుకుని కూర్చుంది. "కుడి వరసను అసలు ముట్టుకోకుండా వదిలేశాం అక్కా. వాళ్ళు మామూలుగా ఉంటేనే కదా, వీళ్ళకెంత తగ్గిందో తెలిసేది. పరీక్షలో సగం వాళ్ళే."

పరీక్షలో సగమని స్విచ్చక్కకు ఎవరూ చెప్పలేదు. ఆమె ఎవర్నీ అడగనూ లేదు. ఫ్యాన్ల సంగతి తనకు తెలుసుననుకుంది. అప్పుడే చెప్పేద్దామని నోరు తెరిచింది. ఈ లోపల చిన్నమేడం ఫోను మోగింది: డబ్బు మంజూరు చేసే ఆర్థిక శాఖ అధికారిణి వీధి చూడటానికి స్వయంగా వస్తోందట.

ఆ సాయంత్రం దర్జీ నోటినిండా గుండుసూదులు పెట్టుకుని అంచు మడుస్తున్నాడు. జరిగిందంతా చెప్పి, "చెప్పెయ్యనా?" అంది స్విచ్చక్క.

"ఊఁ."

"చెబితే నన్ను తీసేస్తారు. పెట్టిన షరతే అది ఒక్కటి."

"ఊఁ."

"చెప్పకపోతే ఫ్యాన్లు పనికిరానివని రాసేసి అన్నీ మూసేస్తారు. అప్పుడూ పోతుంది. పైగా మంచి ఫ్యాన్లకి చెడ్డపేరు."

దర్జీ ఆలోచిస్తున్నట్టు కనిపించాడు. లోపలి గదిలోంచి అత్తగారు అందుకుంది. "వాణ్ణడుగుతున్నావా? కన్నదాన్ని, నాకే వాడింతవరకూ సలహా చెప్పలేదు. అయినా నోరు మూసుకుని ఉండటం నీ చేతిలో ఉన్నట్టు ఏంటమ్మా ఈ చర్చ?"

అధికారిణి వచ్చిన రోజు ఉక్కపోత. కండక్టరు ఇంటి ముందుగదిలో కుర్చీలు వేసి, నెత్తి మీద ఫ్యాన్ జోరుగా తిప్పి కూర్చోబెట్టారు. పెద్దసారు గీతలున్న కాగితం పరిచి, ఆ వంపుకు వాతావరణం కారణం కావచ్చని మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే చేతిలో మీటర్ల పుస్తకంతో స్విచ్చక్క గడప దాటింది. ఆమెను చూడగానే కండక్టరు ఉలిక్కిపడి లేచి, అతిథుల నెత్తి మీది ఫ్యాన్ టక్కున కట్టేశాడు. పక్కింట్లో టక్కుమంది. ఆ పక్కింట్లోనూ. వరస చివరిదాకా ఒక్కో ఫ్యాన్ నీరసంగా ఆగిపోవడం గదిలో అందరికీ వినిపించింది.

"వెయ్యండి బాబాయ్, పెద్దవాళ్ళొచ్చారు," అంది స్విచ్చక్క.

"నువ్వే కదమ్మా, కిటికీ తీస్తే నలుగురికి సరిపోతుందన్నావు?" అంటూ ఆయన కిటికీ తీశాడు.

అధికారిణి మెడ తుడుచుకుంటూ అడిగింది. "ఈవిడెవరు?"

"మా... మీటర్లు చూసే మనిషి," అని పెద్దసారు నీళ్ళు నమిలాడు.

"మీటర్లొక్కటేనా?" అన్నాడు కండక్టరు గర్వంగా. "మా ఇళ్ళన్నీ దారిలో పెట్టింది ఈ అమ్మాయే."

ఆయన వివరాల్లోకి దిగేలోపే స్విచ్చక్క అడ్డుపడింది. "తప్పు నాదండీ. ఈ వరసకి పరీక్ష లేదనుకుని నోరు చేసుకున్నాను. ఒకరోజు కాదు, వచ్చినప్పుడల్లా. కొత్త ఫ్యాన్లలో ఏ లోపమూ లేదు, నేను లోపల విప్పి చూశాను. కావలిస్తే నన్ను తీసేయండి, వాటిని తీసేయకండి."

చిన్నమేడం కళ్ళు మూసుకుంది. పెద్దసారు కాగితం మడిచాడు. అధికారిణి మాత్రం చెమట సంగతి మర్చిపోయి లెక్కలోకి దిగింది.

"ఒక ఫ్యాన్ ఖరీదెంత?"

పెద్దసారు చెప్పాడు.

"ఈవిడ జీతం?"

అదీ చెప్పాడు.

"అయితే మీ ఫ్యాన్లన్నిటికన్నా ఈవిడ చవక."

"కానీ మేడం, ఈవిడ శాస్త్రీయం కాదు."

"శాస్త్రీయం చెయ్యండి. అందుకే కదా మీకు డబ్బిస్తోంది."

రెండో విడత మంజూరైంది, ఒక షరతుతో. ఇకనుంచి మూడు రకాల ఇళ్ళుండాలి: కొత్త ఫ్యాన్లవి, పాత ఫ్యాన్లవి, పాత ఫ్యాన్లతో పాటు స్విచ్చక్క వచ్చి వెళ్ళేవి. మూడో రకానికి కుడి వరసే ఖాయమైంది, అదెలాగూ చెడిపోయింది కనక. మామూలు మనుషుల కోసం వెనక వీధిలో ఆమె నీడ పడని వరస ఒకటి వెతికారు.

శాస్త్రీయమంటే తిట్టు అన్ని ఇళ్ళలోనూ ఒకే మోతాదులో పడాలి. చిన్నమేడం కూర్చుని ఒక తిట్టును కాగితం మీద తయారు చేసింది. స్విచ్చక్క దాన్ని పట్టుకుని కండక్టరు ముందు నిలబడింది.

"గృహస్థులకు మనవి. ఉపయోగంలో లేని గదిలో ఫ్యాన్‌ను..."

"ఒంట్లో బాగాలేదా అమ్మాయ్?" అన్నాడు కండక్టరు.

ఆ వారం కుడి వరసలో కరెంటు వాడకం పెరిగింది. చిన్నమేడం కాగితం వెనక్కి తీసుకుని, "మీకొచ్చినట్టే తిట్టండక్కా, కానీ అందరినీ సమానంగా," అంది.

మిగిలిన చిక్కు వెనక వీధికి మీటర్లు చూసే మనిషి. ఈసారి నిజంగా మాట్లాడనివాడు కావాలి. స్విచ్చక్క ఇంటికి వెళ్ళి భర్తను చొక్కా మార్పించి తీసుకొచ్చింది. పెద్దసారు పాత ప్రశ్నే అడిగాడు, ఈసారి మర్యాదగా: "మీరు నోరు మూసుకుని ఉండగలరా?" దర్జీ తల ఊపాడు. అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చేశారు. "నలభై ఏళ్ళ వాడి మౌనానికి ఇన్నాళ్ళకి ప్రభుత్వం విలువ కట్టింది," అని అత్తగారు వీధంతా చెప్పుకొచ్చింది.

అసలు తంటా జమాఖర్చుల విభాగంలో వచ్చింది. రెండో విడతలో కొత్త ఉద్యోగం లేదు. ఉన్న ఒక్క మీటరు మనిషి కొలువు దర్జీకి వెళ్ళింది. స్విచ్చక్క ఇప్పుడు పరీక్షించే మనిషి కాదు, పరీక్షకు గురయ్యే వస్తువు. కాబట్టి ఫ్యాన్ల పక్కన, పరీక్షా పరికరాల పద్దులో చేర్చారు. పరికరానికి జీతం ఉండదు, ధర ఉంటుంది. ధర ఖాయం కావాలంటే అలాంటివే అమ్మే మరో ఇద్దరి దగ్గర ధరల పట్టీ తెప్పించాలని నిబంధన.

"అలాంటివాళ్ళు ఇంకెక్కడ దొరుకుతారండీ?" అని చిన్నమేడం గుమాస్తాతో వాదించింది.

"ఒకటి నేనిస్తా, రాసుకోమను," అంది అత్తగారు, సంగతి విని. "దీనికన్నా తక్కువకే తిడతాను."

వెనక వీధితో పోల్చి చూస్తే కొత్త ఫ్యాన్లు నిజంగానే ఆదా చేస్తున్నాయని తేలింది. స్విచ్చక్క వాటికి కొంచెమే వెనక ఉంది. ఆ సంగతి చిన్నమేడం నోట విన్నప్పుడు ఆమె ముఖం కాస్త వాడింది గానీ, ఫ్యాన్లు మంచివని నేనప్పుడే చెప్పానుగా అంది. కుడి వరసకు ఇప్పటికీ వెళుతోంది, అందరినీ సమానంగా తిడుతోంది, కండక్టరును కొంచెం ఎక్కువ. దర్జీ జీతం నెల మొదటి రోజునే చేతికొస్తోంది. జీతగాడయ్యాక, సూదిలో దారం ఎక్కిస్తుండగా దీపం ఆరిపోతే ఆయన లేవడం మానేశాడు. ఏమీ అనకుండా చీకట్లో అలాగే కూర్చుంటాడు, ఆమే వచ్చి వేసేదాకా.

పరికరంగా ఆమె పనిచేసిన ఐదు నెలల డబ్బు కేంద్రం ఇంకా బాకీ ఉంది.