ఎండ వెనక్కి జరిగిన ఆదివారం

అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో నా రూమ్మేట్ అయిన కర్నూలు అక్క, ప్రతి ఆదివారం మిట్టమధ్యాహ్నం కిటికీ ఎండ ఎంత లోపలికి వచ్చిందో చూసి, నేలమీద అక్కడ టేపు అంటించేది. చలి ముదిరేకొద్దీ ఎండ గది లోపలికి పాకేది.

ఆ జనవరిలో నా జాబ్ పోయింది. వారం రోజులు మంచం దిగలేదు. ఆదివారం అక్క నన్ను లేపి ఎండలో కూర్చోబెట్టింది. గోరువెచ్చని నీళ్ళలో దిగినట్టనిపించింది.

"వింటర్‌లో సూర్యుడు కిందుగా ఉంటాడు, అందుకే ఎండ ఇంత దూరం వస్తాది. చూడు, పోయినవారం టేపు దాకా రాలేదు. పైకెక్కడం స్టార్ట్ చేశాడు."

"మరి చలి తగ్గలేదేం?"

"నేల వేడెక్కాలి కదా. చలికి లేట్‌గా తెలుస్తాది."

దుమ్ము కణాలు బంగారంలా తేలుతున్నాయి.

"ఆకలేస్తోంది అక్కా" అన్నాను.

వారంలో నాకు కావాలని నేను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అక్క పరుగున వంటింట్లోకి వెళ్ళింది.