కింద పేరు చూసినవా?

మహబూబాబాద్‌ల మా కాలేజీల కంప్యూటర్ చెప్పే సారు ఒకాయన ఉండేటోడు. మేం ఏ వెబ్‌సైటు తెరిచినా వెనుకనుంచి వచ్చి, తెర అడుగున వేలుతోని రెండుసార్లు కొట్టి "గిది ఎవరు రాసిండ్రు?" అని అడిగేటోడు. మాకు విసుగొచ్చేది.

తెలంగాణ ఉద్యమం మంచి జోరు మీదున్న రోజులవి. ఒకనాడు ఆయన తెరిచిపెట్టిన పేజీల "తెలంగాణ ఇచ్చేసిండ్రు" అని పెద్ద అక్షరాలతోని ఉన్నది. క్లాసంత కేకలు. నేను బయటికి ఉరికి తండాకు ఫోన్ చేసిన. రోజూ దీక్ష టెంటుల కూసునే మా బాపు ఫోన్‌లనే ఏడ్సిండు.

లోపలికొస్తే సారు మెల్లగ అన్నడు: "అది నిన్న నేను రాసిన పేజీ."

సారు గూడ మహబూబాబాద్‌ల అసొంటి టెంటుల కూసునేటోడే!

"దీంతోని గూడ ఆటలాడుతరా సార్?" అని అరిచిన.

ఆయన పేజీని అడుగుదాక జరిపిండు. అక్కడ ఆయన పేరే ఉన్నది.

"ఒక్కరన్న చూసిండ్రా బిడ్డా? మనకు ఇష్టమైన ముచ్చటనే ఎవరు రాసిండ్రని ముందు అడగాలె."

బాపుకు మళ్ల ఫోన్ చేసి జరిగిందంత చెప్పిన. పేజీ కింద సారు పేరున్న సంగతి గూడ చెప్పిన.

నిజంగ తెలంగాణ వచ్చిననాడు గూడ నేనే ఫోన్ చేసిన. బాపు నవ్వలే, ఏడ్వలే.

"కింద ఎవరు రాసిండ్రో చూసినవా బిడ్డా?" అన్నడు.