రైన్ నది కోటలూ, పున్నయ్యగారి చుట్టలూ

అరవై రెండో సంవత్సరం. గుంటూరులో పొగాకు ఎగుమతి చేసే ఒక చిన్న కంపెనీలో నేను గ్రేడర్‌ని. ఆకు రంగు, పొడవు, మందం చూసి ఏది ఏ రకమో విడదీసేవాణ్ణి గ్రేడర్ అంటారు. నిజానికి రంగు చూడడం ఎవరికైనా పట్టుబడుతుంది. కష్టమైంది పదును చూడడం. ఎగుమతిదారులు దాన్నే కండిషన్ అంటారు. ఆకు మరీ ఎండితే పొడైపోతుంది, మరీ తేమగా ఉంటే బూజు పడుతుంది. గుప్పెడు ఆకు పట్టుకుని గట్టిగా నొక్కి వదిలేస్తే చప్పుడు చెయ్యకుండా మెల్లగా విచ్చుకోవాలి. అలా విచ్చుకుంటేనే బేలు కట్టమని చెప్పేవాణ్ణి. నాకు అన్నం పెట్టింది ఈ చెయ్యే.

మా యజమాని పున్నయ్యగారు చిలకలూరిపేట వైపు రైతు. సొంత ఆకుతో మొదలుపెట్టి చుట్టుపక్కల ఊళ్ళ ఆకు కొనే దాకా ఎదిగారు. మనిషి మంచివాడే గానీ అనుమానం ఆయనకి ఊపిరితో పాటు పుట్టింది. పేపరు చేతికిస్తే ముందు తేదీ చూసి, నిన్నటిది కాదని తేలాక వార్తలు చదివేవారు. నేను బేలులో చెయ్యి పెట్టి తీశాక, నా వెనకే వచ్చి ఆయనా చెయ్యి పెట్టేవారు. పదేళ్ళు పనిచేసినా ఆ అలవాటు పోలేదు. నాకు లోపల మండిపోయేది.

ఆ ఏడు దళారీ కంపెనీలు లేకుండా మొదటిసారి నేరుగా ఒక జర్మనీ కొనుగోలుదారుకి సరుకు పంపాం. రైన్ నది ఒడ్డున చిన్న ఊళ్ళో చుట్టల ఫ్యాక్టరీ పెట్టిన ఓటో అనే ఆయన. తాతల నాటి నుంచి వాళ్ళది ద్రాక్షసారా చేసే కుటుంబం. ఈయన కొత్తగా పొగాకులోకి దిగాడు. సరుకు చేరిన రెండు నెలలకి టెలిగ్రాం వచ్చింది. బేళ్ళు బూజు పట్టాయి, తేమ ఆకు కట్టి పంపారు, మొత్తం వెనక్కి పంపుతున్నాను అని.

సరుకు తిరిగొస్తే కంపెనీ మూతపడుతుంది. నా సంగతి అంతకన్నా అన్యాయం. తేమ ఆకు పాస్ చేసిన గ్రేడర్ అని ఒకసారి పేరు పడితే గుంటూరులో ఏ గోడౌనూ గుమ్మం ఎక్కనివ్వదు. పున్నయ్యగారు తనే వెళ్తానన్నారు. ఇంగ్లీషు మాట్లాడడానికి నన్ను వెంట రమ్మన్నారు. బొంబాయిలో విమానం ఎక్కే ముందు అసలు మాట చెప్పారు.

"చూడు నాగూరూ. రైతుల దగ్గర ఏమైనా తిని తేమ ఆకు పాస్ చేశావేమో నాకు తెలీదు. చేశావని అక్కడ తేలిందా, తిరిగొచ్చాక మన గోడౌను వైపు రావద్దు."

"అలాగేనండి" అన్నాను. కానీ నా కడుపులో ఇంకో అనుమానం ఉంది. బేళ్ళు నేను చూసి వదిలాక, బరువు పెరగడానికి రాత్రికి రాత్రి నీళ్ళు చల్లించే యజమానులు మా ఊళ్ళో లేకపోలేదు. ఈయనా ఆ పనే చేసి నెపం నా మీదకి తోస్తున్నాడేమోనని విమానంలో ఆయన మొహం వంక చూస్తూ కూర్చున్నాను. ఆయన నా వంక చూస్తూ కూర్చున్నారు. ఇద్దరం సరిగా నిద్రపోలేదు.

ఓటో లావుపాటి మనిషి, తెల్లని మీసాలు, వచ్చీరాని ఇంగ్లీషు. మమ్మల్ని తన ఇంట్లోనే దింపాడు. బేళ్ళు చూపించమంటే తల అడ్డంగా ఊపాడు. సర్వేయర్ వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదట. సర్వేయర్ అంటే ఇద్దరికీ కాని మూడో మనిషి, సరుకు చూసి తప్పెవరిదో చెప్పేవాడు. ఆయన వారాంతానికి గానీ రాడు. "అందాకా మా సీమ చూపిస్తాను, ఎక్కడెక్కడి నుంచో జనం చూడ్డానికి వస్తారు" అన్నాడు ఓటో.

గదిలోకి రాగానే పున్నయ్యగారు తలుపు వేశారు. "మార్కెట్ యార్డులో దళారీ మనల్ని సినిమాకి తీసుకెళ్ళాడంటే ఏమిటి అర్థం?"

"రేటు తెగ్గొట్టబోతున్నాడనండి."

"మరి ఊరంతా తిప్పుతానంటున్నాడు. ఏం కొయ్యబోతున్నాడో చూసుకో."

మర్నాటి నుంచి తిరగడం మొదలైంది. కొండవాలు పొడుగునా ద్రాక్షతోటలు. అక్టోబరు నెల కావడంతో ఆకులు పసుపెక్కి, ఆడామగా బుట్టలతో గుత్తులు కోస్తున్నారు. తోటల మీదుగా తాడుకి వేలాడే కుర్చీల్లో కొండ పైకి తీసుకెళ్ళాడు. పైన ఒక పెద్ద ఆడమనిషి విగ్రహం, కింద వెండిలా నది, నదికి అటూ ఇటూ పాతకోటలు. ఇంత అందం నా జన్మలో చూడలేదు. పున్నయ్యగారు మాత్రం తాడు వంకే చూస్తున్నారు. "దీని మీద బస్తాలు దించుకోవచ్చు కదా, మనుషుల్ని కూర్చోబెట్టడమేమిటి" అన్నారు.

పడవ మీద తిప్పుతూ, నది మధ్యలో ఓ రాతి బురుజు చూపించి ఓటో కథ చెప్పాడు. కరువు రోజుల్లో ఒక మతాధికారి ధాన్యమంతా కొట్లలో దాచి, అడగడానికొచ్చిన బీదవాళ్ళని తగలబెట్టించాడట. అప్పుడు ఎలకలు వెంటపడితే ప్రాణభయంతో ఈ బురుజులో దాక్కున్నాడట. ఎలకలు నది ఈది వచ్చి మరీ తినేశాయట. నేను తెలుగులో చెబుతుంటే పున్నయ్యగారి కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"ఇది నన్నుద్దేశించి చెప్పాడంటావా?"

"అందరికీ చెప్పే కథేనండి."

"రేటు పెరిగేదాకా అని మిరపకాయలు కోల్డ్ స్టోరేజీలో పెట్టానని ఇతగాడికి ఎవరు చెప్పారు?"

ఇంకొంచెం ముందుకెళ్తే నీళ్ళ నడుమ ఓడలాంటి కోట ఒకటి వచ్చింది. పూర్వం దొరలు నదికి అడ్డంగా గొలుసు కట్టి, వచ్చే ప్రతి పడవ దగ్గరా సుంకం పిండేవారట. ఈ సీమలో సగం కోటలు అందుకే కట్టారట. ఆ సంగతి వినగానే పున్నయ్యగారు మొదటిసారి తృప్తిగా తలాడించారు. "అదీ. ఇంత రాయి ఊరికే ఎవడు పేరుస్తాడు" అని పడవలో లేచి నిలబడి మరీ చూశారు. వారం మొత్తంలో ఆయనకి నచ్చిన చోటు అదొక్కటే.

తాగడం దగ్గర మా ఇద్దరి పరిస్థితీ ఒకటే. మా జిల్లాలో అప్పుడు మద్యనిషేధం. పైగా నేను ముసల్మానుని. ఓటో తాగించి సంతకం పెట్టించుకుంటాడని పున్నయ్యగారి భయం. అప్పుడే పిండిన ద్రాక్షరసం, ఏమీ కాదు అని ఓటో గ్లాసులు చేతికిచ్చాడు. పున్నయ్యగారు తన గ్లాసు నా వైపు జరిపారు.

"నువ్వు తాగి చెప్పు, రసమా సారానా."

"నేనెప్పుడూ తాగలేదు కదండీ. రెండూ తెలీనివాడికి తేడా ఎలా తెలుస్తుంది?"

చివరికి ఇద్దరం మంచినీళ్ళు అడిగి పుచ్చుకున్నాం. ఓటో మొహం చిన్నబోయింది. సొంత పంట ఇంటికొచ్చినవాడు ముట్టకపోతే మా రైతులకి ఎలా ఉంటుందో అలాగే ఉన్నట్టుంది పాపం.

ఇక చుట్టల సంగతి. పున్నయ్యగారు ఇంటి నుంచి సొంతాకు చుట్టలు ఒక కట్ట తెచ్చుకున్నారు. మొదటి సాయంత్రం ముందుగదిలో ఒకటి ముట్టించేసరికి ఓటో వాళ్ళమ్మ దగ్గుతో ఉక్కిరిబిక్కిరై కిటికీలన్నీ తెరిచింది. ఎనభై దాటిన ముసలమ్మ. మర్యాదగానే, పెరట్లో కాల్చుకోమనీ, కట్ట మాత్రం గదిలో ఉంచొద్దనీ, నేలమాళిగ మెట్ల పక్కన గూడు ఉంది అందులో పెట్టుకోమనీ కొడుకు చేత చెప్పించింది. పున్నయ్యగారికి వెంటనే లెక్క అందింది.

"నా చుట్టల్లో ఆకు తీసి పరీక్ష చేస్తారేమో. లేదా తడిపి, చూశారా వీళ్ళ ఆకే ఇంత అంటారేమో."

అందుకని రెండు చుట్టలు జేబులో వేసుకుని, మిగతా కట్టని గుడ్డలో చుట్టి, బేలు కట్టే పురికొసతో తనదైన ముడి వేశారు. ఆ ముడి మా గోడౌన్లో ఆయన తప్ప ఎవరూ వెయ్యలేరు. విప్పి మళ్ళీ కడితే చూడగానే ఆయనకి తెలిసిపోతుంది. కొత్త ఊళ్ళో పొదుపుగా ఆ రెండిటితోనే రోజులు నెట్టుకొచ్చారు.

మధ్యలో ఒకరోజు ఓటో ఆ నేలమాళిగ కూడా చూపించాడు. యాత్రికులు డబ్బిచ్చి చూసే చోటట. మెట్లు దిగుతుంటే చల్లదనం పాదాల్లోంచి ఎక్కింది. కమాను కప్పు కింద మనిషెత్తు పీపాలు వరుసగా ఉన్నాయి. గోడల నిండా నల్లటి బూజు, పిల్లి వీపులా మెత్తగా. నేను అసహ్యంతో చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఓటో మాత్రం దాన్ని ప్రేమగా నిమిరాడు. ఈ బూజుంటేనే మాళిగ బతికున్నట్టు, ఇక్కడ సారా హాయిగా నిద్రపోతుంది, మా ముత్తాత దీన్ని తుడవనిచ్చేవాడు కాదు అని చెప్పాడు. చివర తాళం వేసిన చెక్క తలుపు ఉంది. పున్నయ్యగారు దాని వంక చాలాసేపు చూసి, పైకొచ్చాక "దొంగసరుకు అక్కడే దాస్తున్నాడు" అన్నారు.

సర్వేయర్ రావలసిన రోజు పొద్దున్నే మెట్ల దగ్గర నుంచి కేక వినిపించింది. పరుగెత్తాను. పున్నయ్యగారు చుట్టల కట్ట రెండు చేతుల్లో పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన అప్పుడే ముడి విప్పిన గుడ్డలో చుట్టలన్నీ తడి వేళ్ళలా ఉబ్బి ఉన్నాయి. వాటి మీద తెల్లటి బూజు.

"నువ్వు తీశావా ఇవి?"

"నేనెందుకు తీస్తానండీ. మీరు విప్పేటప్పుడు ముడి ఎలా ఉంది?"

ఆయన చేతిలోని పురికొస వంక చూశారు. "నా ముడే. కదిపిన జాడ లేదు" అన్నారు నెమ్మదిగా. ఎవరో చేశారని అనడానికి ఆయన ముడే అడ్డు వచ్చింది. నా జీవితంలో ఆ మనిషి అనుమానపడడానికి ఎవరూ దొరక్క అలా నిలబడిపోవడం అదొక్కసారే చూశాను.

నేను ఒక చుట్ట తీసి నొక్కి చూశాను. "పున్నయ్యగారూ, ఇవి మీ ఇంట్లో ఎండిన చుట్టలు. ఈ గూట్లో నాలుగు రోజులుంటే ఇలా అయ్యాయి. మన బేళ్ళు ఎక్కడున్నాయో ఈయన ఇంతవరకూ చెప్పలేదు."

ఆయన నన్ను చూశారు, మెట్ల కింద ఆ తలుపు వైపు చూశారు. కట్టని తీసుకెళ్ళి పలహారం బల్ల మీద, ఓటో రొట్టె పక్కన పెట్టారు.

బేళ్ళు ఎక్కడున్నాయని అడిగాను. ఓటో బూజు చుట్టల వంక విసుగ్గా చూసి, ఇవి మీరు ఇలాగే తెచ్చుకున్నారేమో అన్నాడు. తర్వాత, బేళ్ళు మాళిగ చివరి గదిలో ఉన్నాయన్నాడు. కాస్త నొచ్చుకుంటూ, "అంత దూరం నుంచి వచ్చిన సరుకని మా ఇంట్లో అన్నిటికన్నా మంచి చోట పెట్టాను. మా నాన్న తన మంచి పీపాలు ఉంచిన గది అది" అన్నాడు.

అబద్ధం కాదని ఆ గొంతే చెప్పింది. ముసలమ్మ ఒక చుట్ట తీసి వాసన చూసి, కొడుకుతో వాళ్ళ భాషలో గట్టిగా ఏదో అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఏమందని అడిగితే చెప్పాడు. "మీ నాన్న బూట్లు రెండు రోజులు కింద మర్చిపోతే మూడో రోజు వాటి మీద పుట్టగొడుగులు లేచాయి, ఎండుసరుకు అటక మీద పెట్టమని చెబితే విన్నావా అంటోంది."

మధ్యాహ్నం సర్వేయర్ వచ్చాడు. తాళం తీయించి బేళ్ళు పైకి, వెలుతురులోకి తెప్పించాం. ఆకు తేమగా కట్టి ఉంటే బూజు బేలు కడుపులో మొదలై బయటికొస్తుంది. బయటి తేమ వల్ల అయితే పై వరుసలు పాడై కడుపు బాగుంటుంది. సర్వేయర్‌కి ఈ మాట నేను చెప్పనక్కర్లేకపోయింది, ఆయనే గోనె కోసి బేలు నడిమికి చీల్చాడు. నేను లోపలికంటా చెయ్యి పెట్టి గుప్పెడు ఆకు తీసి నొక్కి వదిలాను. పసుపురంగు ఆకు చప్పుడు చెయ్యకుండా మెల్లగా విచ్చుకుంది. గుంటూరులో నేను పాస్ చేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. నా వెనకే పున్నయ్యగారు చెయ్యి పెట్టారు. ఆ రోజు నాకు మంట పుట్టలేదు.

పై వరుసలు తీసేసి మిగతాది ఓటో ఉంచుకున్నాడు. వచ్చే ఏడు కూడా ఆకు పంపమన్నాడు, అటక ఖాళీ చేయిస్తానన్నాడు.

తిరుగు ప్రయాణంలో విమానం సముద్రం మీదికొచ్చాక పున్నయ్యగారు కిటికీ వైపు చూస్తూ అడిగారు. "నేను నీళ్ళు చల్లించాననుకున్నావు కదూ?"

"అనుకున్నానండి."

"ఊఁ" అన్నారు. కోప్పడలేదు. కాసేపటికి తల నా భుజం మీద వాల్చి నిద్రపోయారు.

ఆ తర్వాత పాతికేళ్ళు ఆ వృత్తిలోనే ఉన్నాను. ఎక్కడ సరుకు పాడైందన్నా అందరూ ఎవరు చేశారని అడుగుతారు. నేను ఎక్కడ ఉంచారని అడుగుతాను. చాలాసార్లు అక్కడితోనే గొడవ తీరిపోయింది. మంచిదనుకుని పెట్టిన చోటే పాడు చేస్తుందని నాకు నేర్పింది ఆ ద్రాక్షసీమే.

పున్నయ్యగారు మారారా అంటే, ఆయన మారే మనిషి కాదు. కానీ ఇంటికొచ్చాక కట్టిన మొదటి బేలు దగ్గర వరస తప్పింది. నేను వెళ్ళేసరికే ఆయన చెయ్యి పెట్టి చూసి, చొక్కా చేతులు దించుకుంటూ పక్కకి జరిగారు.

"నేను చూశాను. ఇప్పుడు నువ్వు చూడు నాగూరూ. నన్ను నమ్మకు."