అగ్గిపెట్టెల డబ్బా

ఎండాకాలం వచ్చిందంటే వేంపల్లె పక్క కొండ దగ్గరికి పాలయ్య కూడా వస్తాడు. అరవై దాటిన మనిషి. అటవీశాఖ వాళ్లు మూడు నెలలకు పెట్టుకునే వాచర్. తెల్లవారుతూనే ఎండుటాకు ఊడ్చి, మంట దాటకుండా పది అడుగుల వెడల్పున నేల ఖాళీ చేసి పెడతాడు. ఆ తర్వాత దారి మొదట్లో రేకుడబ్బా పెట్టుకుని కూర్చుంటాడు. మేకలవాళ్లు, తేనె పట్టేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, ఎవరైనా సరే అగ్గిపెట్టె అందులో వేశాకే పైకి పోవాలి. సాయంత్రం ఎవరిది వాళ్లకు ఇచ్చేస్తాడు.

“ఏంది మామా, చర్చిలో కానుకలు పట్టినట్ల పడ్తాండావే!” అని మేకల షాకీర్ ఎగతాళి చేసేవాడు. పాలయ్య నవ్వేవాడు. ఆదివారం కానుకల సంచి పట్టేదీ ఆయనే మరి.

ఆ ఏడు ఏప్రిల్‌కే గడ్డి ఎండి గరగరలాడింది. ఒకరోజు పొద్దున షాకీర్ అగ్గిపెట్టె వేశాడు గానీ, అతని లుంగీ మడతలో ఇంకొకటి గలగలమంది.

“అది గూడా వెయ్యి.”

“ముసలిగడ్డి కాల్చకుంటే తొలివానకు లేతపచ్చిక యాడ నుంచి వస్తాది మామా? పొద్దున్నే గాలి ఉండదు. ఒక మూల అంటించి ఆర్పేసి వస్తా.”

ఇరవై ఏళ్ల కిందట పాలయ్య అనుకున్న మాటలే అవి. అప్పుడు ఆయనకూ మేకలుండేవి. ఒక మూలే అంటించాడు, పొద్దున్నే అంటించాడు. పదింటికి గాలి తిరిగింది. కొండ మూడు రోజులు కాలింది. పైన షాకీర్ తండ్రి గంపల కింద మూసిపెట్టి పోయిన పదకొండు మేకపిల్లలు బయటికి రాలేక మాడిపోయాయి. ఆ తండ్రి మిగిలిన మంద అమ్ముకుని నాపరాళ్ల గనిలో కూలికి పోయాడు. పిడుగు పడిందని ఊరంతా అనుకుంది. పాలయ్య కాదనలేదు. ప్రార్థనలో కూడా ఆ మాట ఆయన నోరు దాటలేదు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు, కొండ కాపలా చివరికి ఆయనకే వచ్చింది.

చెప్పకపోతే కొండ కాలుతుంది. చెబితే షాకీర్ దూరమవుతాడు.

“మీ నాయన మేకపిల్లల్ని కాల్చింది పిడుగు గాదప్పా. నేనే. లేతగడ్డి కోసరం అంటించినా. ఆర్పేకి నాకు చేతగాలేదు.”

మేకలు వాటంతట అవే దారెక్కాయి. షాకీర్ మడత విప్పి రెండో పెట్టె కూడా డబ్బాలో వేశాడు.

“మా నాయన సచ్చేదాకా పిడుగునే తిట్నాడు,” అని మేకల వెనకాల పోయాడు.

ఆ వేసవి కొండ కాలలేదు. తొలివానకు పాతగడ్డి మొదళ్లలోంచే పచ్చిక లేచింది. షాకీర్ మేకలు కడుపునిండా మేసి దిగాయి. పాలయ్య ఆశగా లేచి నిలబడ్డాడు. షాకీర్ చెయ్యి చాపాడు.

“వాచరూ, నా పెట్టె.”