పది మార్కులు

యాభై రెండేళ్ల వయసులో మళ్లీ కాలేజీ గుమ్మం తొక్కిన గోడౌన్ మేనేజరుని క్లాసులో అందరూ పెద్దాయన అనేవారు. ఇక్కడి బిజినెస్ స్కూలూ, సముద్రాలవతలి ఇంకో స్కూలూ చేతులు కలిపి ఉద్యోగస్తులకి ఇచ్చే జంట డిగ్రీ అది. ఒకే పట్టా మీద రెండు ముద్రలు. కంపెనీవాళ్లే చేర్పించారు. పాపం, ముప్పయ్యేళ్లుగా లారీలు తప్ప ఎరగని మనిషికి గ్రాఫులు చూస్తే కళ్లు బైర్లు కమ్మేవి.

ఆదుకున్నది ఆయన గ్రూపులోని బ్యాంకు ఉద్యోగిని. "అన్నయ్యా, ఈ గీత మీ లారీ అనుకోండి. మిట్టెక్కుతోందా, దిగుతోందా చూడండి, చాలు" అంటూ ఏడాదిపాటు ఆదివారాలన్నీ క్యాంటీన్ మూలబల్ల దగ్గర కూర్చోబెట్టి నేర్పింది.

చివర్లో గ్రూపులో నలుగురూ, ఒక్కొక్కరు తక్కిన ముగ్గురికీ వంద మార్కులు పంచాలి. ఎక్కువ వచ్చినవాళ్లు అవతలి స్కూలుకి వెళ్లి పట్టాల సభలో మాట్లాడతారు. ఇక్కడైతే ఆ మార్కులు మూడో కంటికి తెలియవు. పెద్దాయనకి అదే ధైర్యం. తనకి పోటీ ఆ అమ్మాయేనని లెక్కవేసుకుని, ఆమెకి పదంటే పదే వేశాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇంకేమిటి?

అయితే ఈసారి మార్కులు చూసేది అవతలి స్కూలు. అక్కడి పద్ధతి వేరు. వీడియోలో తెర మీదికొచ్చిన అక్కడి ప్రొఫెసరమ్మ అందరి మార్కులూ బాహాటంగా చూపించి, ఒక్కొక్కరినీ లేచి కారణం చెప్పమంది.

బ్యాంకమ్మాయి ఆయనకి అరవై వేసింది. "అన్నయ్య మొదట్లో గ్రాఫు తిరగేసి పట్టుకునేవారు. ఇప్పుడు నా తప్పులు దిద్దుతున్నారు. అంత దూరం మాలో ఎవరూ నడవలేదండీ" అంది.

పెద్దాయన వంతొచ్చింది. లేచాడు. నేల చీలితే బాగుండుననిపించింది. ఆ అమ్మాయే అందుకుంది. "నేను రెండు మీటింగులకి రాలేదండీ. అందుకే తగ్గించి ఉంటారు."

రాకపోవడం నిజమే. ఆ రెండు రోజులూ ఆయన రాయాల్సిన భాగం ఆయన తరఫున రాస్తూ ఇంట్లో కూర్చుంది. ఆ సంగతి ఆమెకి కాక ఆయన ఒక్కడికే తెలుసు.

"అంతేనా?" అంది ప్రొఫెసరమ్మ.

"అంతేనండీ" అన్నాడు పెద్దాయన.

పది వేసినందుకైనా ఎప్పటికో ఒకప్పుడు తనని తాను క్షమించుకునేవాడేమో. ఆ "అంతేనండీ" మాత్రం గొంతులో ముల్లై కూర్చుంది.

మార్కులన్నీ కూడితే పెద్దాయనకే ఎక్కువొచ్చాయి. కబురు ముందే అంది, ఆయన ఇంటికొచ్చేసరికి భార్య సూట్‌కేసు దించి తుడుస్తోంది. "మొత్తానికి సాధించారు! ఇదంతా ఆ అమ్మాయి చలవే. ముందు ఫోన్ చేసి చెప్పండి" అంది.

చెప్పేయాలి, ఉన్నదున్నట్టు చెప్పేసి కాళ్లు పట్టుకోవాలి అనుకుంటూ ఫోన్ చేశాడు. "అమ్మా..." అన్నాడో లేదో, అవతలనుంచి ఎప్పటి గొంతే.

"కంగారు పడకండి అన్నయ్యా. మీరు అక్కడ ఏం మాట్లాడాలో ఆదివారం కూర్చుని రాసేద్దాం."

"అలాగేనమ్మా" అన్నాడు పెద్దాయన.